తుప్పులో హైడ్రోజన్ వెతుకుతున్న స్కూల్ సైన్యం!

గేటుకి పట్టిన తుప్పుని చూస్తే మనకేం గుర్తొస్తుంది? పెయింట్ ఖర్చు! కెమిస్ట్రీ వాళ్లకి మాత్రం అది ఐరన్ ఆక్సైడ్. ఎండ తగిలితే నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడగొట్టడానికి సాయపడే సరుకు. కాకపోతే మహా బద్ధకిష్టి. వెలుతురుకి లోపల పుట్టిన కరెంటు చాలావరకు పైదాకా రాకముందే వృథా అయిపోతుంది. పోనీ ఈ పనిలో ఆరితేరిన ప్లాటినం, ఇరీడియం వాడదామా అంటే ధర వింటేనే గుండె గుభేలుమంటుంది.

చవక లోహాల్ని రెండు మూడు కలిపితే దారి దొరకొచ్చు. కానీ ఏవి? ఎంతెంత పాళ్లలో? లెక్కేస్తే లక్షల కాంబినేషన్లు. ఒక్క ల్యాబ్ వల్ల అయ్యే పనేనా?

ఇక్కడే వయోమింగ్ యూనివర్సిటీ కెమిస్ట్రీ ప్రొఫెసర్ బ్రూస్ పార్కిన్సన్ బృందం బుర్రకి పదునుపెట్టింది. ఇంక్‌జెట్ ప్రింటర్‌లో ఇంకు తీసేసి లోహ లవణాల ద్రావణం పోశారు. కరెంటు ప్రవహించే గాజు పలక మీద చుక్కలుగా ప్రింట్ చేసి కొలిమిలో కాల్చారు. చుక్కలన్నీ ఆక్సైడ్‌లయ్యాయి. పలకని ద్రావణంలో ముంచి, లెగో రోబో కిట్‌తో లేజర్ పాయింటర్ కాంతిని ఒక్కో చుక్క మీదకీ పంపారు. కరెంటు పుట్టిందా, ఆ చుక్కలో విషయం ఉన్నట్టే! ఈ కిట్ పేరు ‘షార్క్’.

కాల్‌టెక్ ప్రొఫెసర్ హ్యారీ గ్రే ఈ వెతుకులాటని హైస్కూల్ పిల్లల చేతికిచ్చారు. అదే ‘సోలార్ ఆర్మీ’. లేజర్‌తో ఆలస్యమవుతోందని 64 ఎల్‌ఈడీలతో ‘సీల్’ అనే ఇంకో కిట్ వచ్చింది. రికార్డు బుక్కులో జవాబు ముందే రాసుకుని ‘ప్రాక్టికల్స్’ చేసిన మనకి ఇది కాస్త కుళ్లుగానే ఉంటుంది. వీళ్ల ప్రయోగానికి జవాబు టీచర్‌కి కూడా తెలీదు మరి.

గ్రే దగ్గర పీహెచ్‌డీ చేసిన శిష్యుడే డేనియల్ నోసెరా. 2008లో ఎంఐటీలో మాథ్యూ కానన్‌తో కలిసి, చవకైన కోబాల్ట్, ఫాస్ఫేట్‌లతో తనని తానే బాగుచేసుకునే ఉత్ప్రేరకం కనిపెట్టాడు. 2011లో ‘కృత్రిమ ఆకు’ వచ్చింది. పేకముక్కంత సిలికాన్ పలక. నీళ్లలో వేసి ఎండలో పెడితే ఒకవైపు ఆక్సిజన్, మరోవైపు హైడ్రోజన్ బుడగలు. వైర్లే లేవు! ఆయన కంపెనీలో మన టాటాలు కూడా పెట్టుబడి పెట్టారు.

కానీ బుడగలు రావడం వేరు, వ్యాపారం వేరు. ఖర్చు దగ్గర లెక్క కుదరలేదు. కంపెనీ బ్యాటరీల వైపు మళ్లింది, 2014లో లాక్‌హీడ్ మార్టిన్ కొనేసింది. నోసెరా మాత్రం ఆగలేదు. హార్వర్డ్‌లో పమేలా సిల్వర్‌తో కలిసి, ఆ హైడ్రోజన్‌ని బ్యాక్టీరియాకి తినిపించి, గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో ద్రవ ఇంధనం తీయించాడు. 2016లో ప్రకటించిన ఈ పద్ధతి సామర్థ్యం సుమారు 10 శాతం. మామూలు మొక్కలది 1 శాతం చుట్టూ ఉంటుంది.

అన్నట్టు, ఇంట్లో ప్రింటర్ ఉంది కదా అని మొదలెట్టేరు సుమా! కాస్టిక్ సోడా ద్రావణం, దాదాపు 500 డిగ్రీల కొలిమి వంటింట్లో పెట్టే సరుకు కాదు. కెమిస్ట్రీ లెక్చరర్‌ని బతిమాలి కాలేజీ ల్యాబ్ తాళాలు అడగండి.