కొసరు లెక్క

కరీంనగరునుండి వరంగల్లునకు పోవు రహదారిపై నున్న హుజూరాబాదు వంటి పట్టణములకును అద్దపు తలుపుల సూపరు మార్కెట్టులు వచ్చి చేరినవి. అచ్చట సరకు అడుగ నక్కరలేదు. అరలలో నుండి ఎవరికి కావలసినది వారే తీసి బుట్టలో వేసికొని, చివరకు బిల్లు వేయు బల్లయొద్దకు వత్తురు. ఆ బల్లవెనుక నిలిచిన పిల్లవాడు మొట్టమొదట అడుగునది డబ్బు కాదు. "ఫోన్ నంబరు చెప్పండి సార్, పాయింట్లు పడుతయి" అనును. బడినుండి ఇంటికి పోవుచు పప్పు, నూనె కొనవచ్చిన ఉపాధ్యాయుడు పది అంకెలను ఎక్కము వలె గడగడ అప్పగించును. బిల్లు అడుగున ఈనాడు వచ్చిన పాయింట్లు 14, మొత్తము 212 అని అచ్చయి వచ్చును. ఆ 212 పాయింట్లకు ఎన్ని రూపాయలగునో చెప్పగలవారు మాత్రము అరుదు. అందరికిని ఏదో వచ్చుచున్నదన్న తృప్తి కలదు. ఎంత వచ్చుచున్నదన్న లెక్క లేదు.

ఇట్టి ఏర్పాటునకు ఇంగ్లీషువారు లాయల్టీ కార్డు అని పేరు పెట్టిరి. లాయల్టీ అనగా విశ్వాసము. ఉప్పు తిన్న యింటియెడల విశ్వాసము చూపవలెనని మన పెద్దలు చెప్పుదురు. కాని ఇచ్చట ఉప్పు ఊరక పెట్టినవారెవరును లేరు. డబ్బిచ్చి ఉప్పు కొన్నవానినే విశ్వాసము చూపుమనుచున్నారు!

కొసరు తెలుగువారికి క్రొత్త కాదు. వారమునకొకసారి సాగు అంగడిలో కూరగాయలమ్మ తూకము సరిపోయిన పిదప మరి రెండు మిరపకాయలు, ఒక రెబ్బ కరివేపాకు సంచిలో వేయును. వేయకున్న కొన్నవారు కదలరు. మానికతో గింజలు కొలుచునాడు కొలత నిండిన తరువాత పైన పోసిన పిడికెడే కొసరు. ఆ కొసరునకు కొన్ని గుణములున్నవి. అది అప్పటికప్పుడే చేతికి వచ్చును, కంటికి కనబడును, ఫలాని తేదీలోపల వాడుకొనకున్న చెల్లదన్న షరతు దానికి లేదు, దానికై పేరు, ఊరు చెప్పవలసిన పనియు లేదు. అసలుకంటె కొసరు ముద్దు అన్న సామెత మనుష్యుని బలహీనతను కూడ చెప్పకనే చెప్పుచున్నది. అసలు ధర సరియైనదా అని చూడవలసిన కన్ను కొసరుమీద నిలిచిపోవును. తూకములో తగ్గించి కొసరులో పెంచు నేర్పు అంగడివారికిని లేకపోలేదు.

వీధి చివరి కిరాణ దుకాణము సంగతి వేరు. అచ్చట కొసరుకంటె ఉద్దెర ముఖ్యము. జమ్మికుంట మార్కెట్టులో పత్తి అమ్ముడుపోయిన పిదప రైతు బాకీ తీర్చును. జీతము వచ్చిన పిదప పంతులు తీర్చును. ఎవరింట పెండ్లి యున్నది, ఎవరింట పాలు త్రాగు బిడ్డ యున్నది దుకాణదారునకు తెలియును. ఆ తెలివిడి అతని తలలోను, అతని ఖాతా పుస్తకములోను ఉండును. అదంతయు ధర్మకార్యమని చెప్పుటకు వీలులేదు. ఉద్దెరకు కొన్నవాడు ధర బేరమాడలేడు. వడ్డీ కనబడకుండ ధరలో కలిసియే యుండును. అయినను ఆ పూటకు చేతిలో రూపాయి లేని యింట పొయ్యి వెలుగుటకు ఆ ఖాతా పనికివచ్చినది. పాయింట్లతో అట్టి పని జరుగదు. అవి ఇదివరకే రొక్కమిచ్చినవానికే వచ్చును.

పాశ్చాత్య దేశములలో ఈ వ్యాపార తంత్రమునకు నూరేండ్లకు పైబడిన చరిత్ర యున్నది. అమెరికాలో స్పెర్రీ, హచిన్సన్ అను ఇరువురి పేర వెలసిన కంపెనీ 1896లో ఆకుపచ్చని స్టాంపులను ప్రవేశపెట్టెను. దుకాణదారులు ఆ స్టాంపులను కంపెనీయొద్ద కొని, సరకు కొన్నవారికి కొన్న మేరకు ఇచ్చెడివారు. గృహిణులు వానిని పుస్తకములలో అంటించి, పుస్తకములు నిండిన పిదప గిన్నెలో, దీపములో తెచ్చుకొనెడివారు. స్టాంపు ఊరక వచ్చినట్లు కనబడినను దానికి దుకాణదారు డబ్బు చెల్లించెను. అతడు ఆ డబ్బును ధరలో వేసికొనక మరెచ్చట వేసికొనును? బ్రిటనులోని టెస్కో సంస్థ 1963లో ఇట్టి స్టాంపులను చేపట్టి, 1977లో మానివేసి, ఆ ఖర్చు మిగుల్చుకొని ధరలు తగ్గించినది. జనము ధర తగ్గిన దుకాణమునకే వచ్చిరి. స్టాంపులలో ఇమిడియున్నది ఎవరి డబ్బో ఆ సంవత్సరము తేటతెల్లమైనది.

ఆ టెస్కో సంస్థయే 1995లో క్లబ్ కార్డు పేరుతో మరల అదే దారికి వచ్చుట వింతగా తోచును. కాని నడుమ కంప్యూటరు వచ్చినది. ఆకుపచ్చని స్టాంపు ఎవరు ఏమి కొన్నారో చెప్పలేదు, కార్డు చెప్పగలదు. కొలదిచోట్ల ప్రయోగము జరిపి చూపిన లెక్కలు విని, ఆనాటి సంస్థాధ్యక్షుడు ఇయాన్ మెక్లారిన్, ముప్పది ఏండ్లలో తనకు తెలియని సంగతులు తన కొనుగోలుదారులను గూర్చి మూడు నెలలలో వీరికి తెలిసినవని ఆశ్చర్యపడెనట. ఇచ్చిన పాయింట్లకు బదులుగా దుకాణము పుచ్చుకొన్న సరకు ఏదో ఆ ఒక్క మాటవలన బోధపడును.

తెలుగునాట ఈ విధమైన దుకాణములు హైదరాబాదులో వేళ్లూనినవి. అచ్చట పుట్టిన త్రినేత్ర సంస్థను 2007లో ఆదిత్య బిర్లా వర్గమువారు తీసికొని మోర్ అను పేరు పెట్టిరి. రిలయన్సువారు తమ ఫ్రెష్ దుకాణములను 2006లో మొదలుపెట్టినది కూడ హైదరాబాదులోనే. కార్డులు, పాయింట్లు వారి వెంటనే వచ్చినవి. పెక్కు దుకాణములకు ఉమ్మడిగా చెల్లు పాయింట్లతో ఐ-మింట్ అని ఒక పథకము బయలుదేరి, పేబ్యాక్ గా మారి, తరువాత జిలియన్ అయినది. పేర్లు మారినంత తేలికగా పాయింట్ల విలువయు, నియమములును మారవచ్చునని వేరుగ చెప్ప నక్కరలేదు. ఆ పథకములో పాలుగొన్న బిగ్ బజారు దుకాణములు 2022లో మూతపడినవి. ఇంతలో 2002లో ముంబయి పొవాయిలో మొదలయిన డి-మార్టు కార్డుల జోలికి పోకుండ, ధర తగ్గించుటయే ఆకర్షణగా పెట్టుకొని దేశమంతట పెరిగినది. కొసరు లేకున్నను అసలు చౌకైనచో జనము వత్తురన్న మాట అక్కడ రుజువైనది.

ఇక తరగతి గదిలో చేయదగిన చిన్న లెక్క. ఒక కుటుంబము నెలకు 6,000 రూపాయల సరకు ఒకే సూపరు మార్కెట్టులో కొనుననుకొందము. నూరు రూపాయలకు ఒక పాయింటు, పాయింటునకు అర్ధరూపాయి విలువ అనుకొందము. నెలకు 60 పాయింట్లు, అనగా 30 రూపాయలు. ఏడాదికి 360 రూపాయలు. నూటికి అర్ధరూపాయి అన్నమాట. ఆ దుకాణములో కందిపప్పు కిలోకు 4 రూపాయలు, నూనె లీటరుకు 4 రూపాయలు బయటికంటె హెచ్చుగా నున్నచో, నెలకు 3 కిలోల పప్పు, 5 లీటర్ల నూనె వాడు ఇంటికి 32 రూపాయలు అదనపు వ్యయమగును. ముప్పది వచ్చినది, ముప్పదిరెండు పోయినది. ఒకవేళ అచ్చటనే పప్పు, నూనె చౌకయైనచో లాభము నిజమే. కాని ఆ లాభము ధరవలన వచ్చినది, పాయింట్లవలన వచ్చినది కాదు. పట్టీలో లేని 40 రూపాయల బిస్కట్ల పొట్లము ఒక్కటి బుట్టలో పడెనా, ఆ నెల పాయింట్లన్నియు దానికే చాలవు. దీనికితోడు కొన్ని పథకములలో ఇన్ని పాయింట్లు చేరినగాని వాడుకొనరాదని ఒక హద్దు, ఇంత కాలము దాటినచో చెల్లవని మరియొక హద్దు ఉండును. లెక్కల ఉపాధ్యాయులు వడ్డీ, లాభనష్టములు చెప్పునపుడు పాత పుస్తకములలోని గుఱ్ఱపు బేరములకు బదులు పిల్లల యిండ్లలోని ఇట్టి బిల్లులు తెప్పించినచో పాఠము రక్తి కట్టును.

కంపెనీల ఖాతా పుస్తకములలో ఈ పాయింట్లకు మరియొక రూపమున్నది. 2018 ఏప్రిల్ నుండి మన దేశములోని పెద్ద కంపెనీలు పాటించుచున్న లెక్కల ప్రమాణము ప్రకారము, అమ్మకపు సొమ్ములో పాయింట్ల విలువకు సరిపడు భాగమును వెంటనే ఆదాయముగా చూపరాదు. కొనుగోలుదారునకు తీర్చవలసిన బాధ్యతగా దానిని ప్రక్కన ఉంచవలెను. ఎందరు పాయింట్లను ఎన్నడును అడుగక విడిచిపెట్టుదురో ముందుగనే అంచనా కట్టి, ఆ మేరకు ఆదాయములో కలుపుకొందురు. మరల ఆలోచించి చూచినచో, బహుమానము పొందుచున్నాననుకొన్నవాడు నిజమునకు ఋణదాత. వడ్డీ లేదు, పత్రము లేదు. మరచిపోయినచో అసలును లేదు.

తెలిసి తెలిసియు మనుష్యుడు ఇందులో చిక్కుకొనుట ఎందువలన? దీనిని గూర్చి జోసెఫ్ నూనెస్, జేవియర్ డ్రేజ్ అను పండితులు 2006లో ప్రకటించిన ప్రయోగమొకటి కలదు. కార్లు కడుగు ఒక స్థలములో 300 మందికి కార్డులిచ్చిరి. సగము మంది కార్డులలో ఎనిమిది గడులు. ఎనిమిది ముద్రలు పడినచో ఒకసారి ఉచితముగా కడుగుదురు. తక్కిన సగము మంది కార్డులలో పది గడులున్నవి గాని, రెండింటిలో ముందే ముద్ర కొట్టియున్నది. ఉభయులకును కావలసినవి ఎనిమిది ముద్రలే. అయినను మొదటివారిలో నూటికి 19 మంది, రెండవవారిలో నూటికి 34 మంది కార్డు పూర్తి చేసిరి. దారిలో కొంత నడచితినన్న భ్రమయే కాలికి బలమిచ్చినది. మరి 80 రూపాయల సరకు కొన్నచో అదనపు పాయింట్లు వచ్చునని బల్లయొద్ద చెప్పగానే చేయి చాక్లెట్ల అరవైపు సాగుట ఇట్టిదే.

అట్లని అంతయు మోసమేనని కొట్టివేయుట న్యాయము కాదు. బ్రిటనులో కార్డున్నవారికి ఒక ధర, లేనివారికి ఒక ధర అను పద్ధతి విస్తరించినపుడు, అచ్చటి పోటీ, మార్కెట్టు వ్యవహారముల సంస్థ దాదాపు 50,000 సరకుల ధరలను పరిశీలించి 2024 నవంబరులో నివేదిక వెలువరించినది. కార్డు ధరలలో నూటికి 92 పాళ్లు మామూలు ధరకంటె నిజముగనే తక్కువని తేల్చినది. అయినను అన్నిటికంటె చౌక ధర అదే కాకపోవచ్చునని, ఇతర దుకాణములతో పోల్చి చూచుకొనుడని చెప్పినది. వ్రాసి తెచ్చుకొన్న పట్టీ దాటకుండ, ధర సరిచూచి కొను గృహస్థునకు పాయింట్లు నిక్కముగా లాభమే, అది స్వల్పమైనను. చిక్కంతయు రెండు ధరల పద్ధతిలో ఉన్నది. కూలి డబ్బుతో సబ్బు కొనవచ్చిన ముసలమ్మకు ఫోను లేకపోవచ్చును. ఉన్నను నంబరు నోటికి రాకపోవచ్చును. ఆమె ఎక్కువ ధర ఇచ్చి పోవును. ఎవరికి కొసరు ఎక్కువ అవసరమో వారికే అది అందకుండుట అంగడిలోని కూరగాయలమ్మకు ఎన్నడును తోచని ఏర్పాటు.

నంబరు ఇవ్వనిదే బిల్లు రాదన్న మాటకు మాత్రము జంక నక్కరలేదు. ఫోను నంబరుకై కొనుగోలుదారులను నిర్బంధింపరాదని, అట్లు నిర్బంధించుట అనుచిత వ్యాపార పద్ధతియని 2023 మే నెలలో కేంద్ర వినియోగదారుల వ్యవహారముల శాఖ దుకాణదారులను హెచ్చరించినది. ఆ సంవత్సరమే వ్యక్తుల డిజిటల్ సమాచార రక్షణకు పార్లమెంటు చట్టము చేసినది. నెలనెలా కొన్న సరకుల పట్టీ చూచినవానికి ఇంటిలో చక్కెర వ్యాధి గలవారున్నారా, పసిబిడ్డ యున్నదా, ఏ పండుగకు ఎంత ఖర్చగును అన్నవి ఊహించుట కష్టము కాదు. కిరాణ సేటునకును ఇవి తెలిసినవే గదా అన్నచో, సేటు ఎదుట కూర్చుండును. అతనికేమి తెలిసినదో ఊరికిని తెలియును.

కొన్నంత మేరకు తిరిగి ఇచ్చు పద్ధతి నిజముగా కొన్నవారి మేలుకొరకే పుట్టిన చోటు ఒకటున్నది. ఇంగ్లండులోని రాచ్‌డేల్ పట్టణమున 28 మంది, నేతపనివారు మున్నగువారు, కూడి 1844 డిసెంబరు 21వ తేదీన చిన్న దుకాణము తెరచిరి. పిండి, వెన్న, చక్కెర వంటి కొద్ది సరకులే అందుండినవి. మిగిలిన లాభమును ఎవరెంత కొన్నారో అంత నిష్పత్తిలో సభ్యులకే పంచిరి. అదియు కొసరే, కాని ఇచ్చువారును పుచ్చుకొనువారును ఒక్కరే.

ఆ మాట హుజూరాబాదు ప్రాంతమునకు దూరపు మాట కాదు. ఇరుగుననే యున్న ముల్కనూరులో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డిగారి పూనికతో 1956లో సహకార గ్రామీణ బ్యాంకు, మార్కెటింగు సంఘము వెలసినది. పదునాలుగు గ్రామముల రైతులకు అది అప్పు ఇచ్చును, విత్తనములు, ఎరువులు అమ్మును, పంట కొనును. సంఘముతో జరిపిన వ్యవహారమును బట్టి సభ్యులకు మిగులు పంచును. అదే చోట సహవికాస సంస్థ తోడ్పాటుతో 2000లో మహిళల పాల సహకార సంఘము ఏర్పడినది. స్వకృషి అన్న పేరుతో పాలు అమ్ము ఈ సంఘములో సభ్యులందరు స్త్రీలే. ఏడాది పొడుగున ఎవరెన్ని పాలు పోసిరో లెక్క వ్రాసి, సంవత్సరాంతమున ఆ మేరకు బోనసు ఇత్తురు. ఇక్కడను అంకెలే, ఇక్కడను ఖాతాయే. కాని ఆ అంకె ఎంతయో సర్వసభ్య సమావేశములో అందరియెదుట చదువుదురు. లెక్క నచ్చనిచో లేచి అడుగుటకు పాలు పోసిన ప్రతి స్త్రీకిని అక్కడ హక్కున్నది.