కస్టమ్ రోమ్ వేస్తున్నారా? ముందు ‘ఎస్ఈలైనక్స్ పర్మిసివ్’ అని ఉందేమో చూడండి

కస్టమ్ రోమ్ డౌన్‌లోడ్ పేజీల్లో కింద ఎక్కడో ఒక చిన్న లైన్ కనిపిస్తుంటుంది: ‘ఎస్ఈలైనక్స్: పర్మిసివ్’. బ్యాటరీ ఎలా ఉంది, కెమెరా పనిచేస్తుందా అని మాత్రం చూసి చాలామంది ఫ్లాష్ కొట్టేస్తారు. అసలు చూడాల్సింది ఆ లైనే.

కెమెరా, లొకేషన్ కావాలంటూ యాప్ చూపించే పాపప్ వేరు, ఇది వేరు. అక్కడ ఓకే చెప్పేది మీరు. ఇక్కడ మిమ్మల్ని ఎవరూ అడగరు.

మామూలు లైనక్స్‌లో ఫైల్ ఎవరిదైతే వాళ్లే దాన్ని ఎవరు చదవాలో, ఎవరు మార్చాలో నిర్ణయిస్తారు. రూట్‌కైతే ఏ అడ్డూ లేదు. ఆండ్రాయిడ్‌లో కొన్ని సిస్టమ్ ప్రాసెస్‌లు రూట్‌గానే నడుస్తాయి కాబట్టి, వాటిలో ఒక్క బగ్ దొరికినా ఫోన్ మొత్తం అటాకర్ చేతికి వెళ్లిపోవచ్చు. దీనికి విరుగుడే మ్యాండేటరీ యాక్సెస్ కంట్రోల్. ఫ్లాట్ ఓనర్ తన తాళం ఫ్రెండ్‌కి ఇవ్వొచ్చు, కానీ గేటు దగ్గర వాచ్‌మన్ లిస్టులో పేరు లేకపోతే లోపలికి రానివ్వడు. ఓనర్ వచ్చి గొడవ పెట్టుకున్నా లిస్టే ఫైనల్.

ఆ లిస్టే పాలసీ. ప్రతి ప్రాసెస్‌కీ, ప్రతి ఫైల్‌కీ ఒక లేబుల్ ఉంటుంది. ప్లే స్టోర్ నుంచి మీరు వేసుకునే మామూలు యాప్స్‌కి పడే లేబుల్ ‘అన్‌ట్రస్టెడ్ యాప్’ (పేరు చూసి కంగారు పడకండి, వాట్సాప్‌దీ అదే కేటగిరీ). ఏ లేబుల్ దేన్ని ముట్టుకోవచ్చో పాలసీలో రాసి ఉంటుంది. రాయనిది ఏదైనా కుదరదు. రూట్‌గా నడిచే ప్రాసెస్‌కైనా ఇదే రూల్. ఫోన్ బూట్ అయ్యేటప్పుడే పాలసీ లోడ్ అవుతుంది, తర్వాత యాప్స్ దాన్ని మార్చలేవు.

ఎస్ఈలైనక్స్‌ని తయారుచేసింది అమెరికా నిఘా సంస్థ ఎన్ఎస్ఏ. 2000లో ఓపెన్ సోర్స్‌గా ఇచ్చింది. ఆండ్రాయిడ్ 4.3లో ఇది పర్మిసివ్‌గా వచ్చింది, 4.4లో కొన్ని ముఖ్యమైన ప్రాసెస్‌లకే గట్టిగా అమలైంది, 2014లో వచ్చిన 5.0 నుంచి మొత్తం సిస్టమ్‌కి.

దీని విలువ తెలియాలంటే 2015 నాటి స్టేజ్‌ఫ్రైట్ చూడాలి. ఒక ఎంఎంఎస్ వీడియోతో ఫోన్‌లో కోడ్ రన్ చేయగలిగే బగ్ అది. వీడియో ఫైల్‌ని విప్పి చదివే మీడియా సర్వర్‌కే కెమెరా, నెట్‌వర్క్ లాంటి అనుమతులు కూడా ఉండేవి. ఆండ్రాయిడ్ 7.0లో గూగుల్ దాన్ని ముక్కలు చేసి, ఒక్కో ముక్కకి దాని పనికి సరిపడా అనుమతులే ఇచ్చింది. ఫైల్ విప్పే ముక్కకి ఇప్పుడు కెమెరా లేదు, నెట్‌వర్క్ లేదు. బగ్ దొరికినా అటాకర్ చిన్న గదిలో ఇరుక్కుంటాడు. కెర్నల్‌లోనే బగ్ ఉంటే మాత్రం ఎస్ఈలైనక్స్ కూడా చేతులెత్తేస్తుంది, అది వేరే కథ.

ఇప్పుడు పర్మిసివ్ సంగతి. ఈ మోడ్‌లో వాచ్‌మన్ రిజిస్టర్‌లో ‘ఇతను రాకూడదు’ అని రాసుకుంటాడు, కానీ గేటు తీసేస్తాడు. ఏ రూల్ తక్కువైందో లాగ్‌లో చూసుకోవడానికి డెవలపర్లకి ఇది కావాలి. కొత్త ఫోన్‌కి రోమ్ పోర్ట్ చేసేటప్పుడు పాలసీ పూర్తికాక అలాగే రిలీజ్ చేస్తుంటారు. టెస్టింగ్ ఫోన్‌కి ఓకే. యూపీఐ, ఓటీపీలు ఉన్న ఫోన్‌లో మాత్రం నేనైతే వేయను.

రూట్ చేస్తే ఇది ఎలాగూ పోతుంది కదా అంటారా? అక్కర్లేదు. మ్యాజిస్క్ తన కోసం వేరే లేబుల్ పెట్టుకుని, తనకు కావలసిన రూల్స్ పాలసీలో కలుపుకుంటుంది. మిగతా సిస్టమ్ ఎన్‌ఫోర్సింగ్‌లోనే ఉంటుంది. అందుకే ‘ఈ మోడ్ పనిచేయాలంటే పర్మిసివ్ చేయండి’ అని ఎవరైనా రాస్తే ఆ మోడ్‌ని పక్కన పెట్టేయండి.

మీ ఫోన్ ఏ మోడ్‌లో ఉందో చూడటం ఈజీ. యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి, ఏడీబీ షెల్‌లో ‘గెట్‌ఎన్‌ఫోర్స్’ కమాండ్ కొట్టండి. శాంసంగ్ ఫోన్లలో అయితే సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్, సాఫ్ట్‌వేర్ ఇన్ఫర్మేషన్‌లోనే కనిపిస్తుంది. ‘ఎన్‌ఫోర్సింగ్’ అని వస్తే పర్లేదు. ‘పర్మిసివ్’ అని వస్తే, ఎన్‌ఫోర్సింగ్ ఉన్న వేరే బిల్డ్ వెతుక్కోండి.