కాలిక్రింది ఉసిరిక

తొలకరి జల్లులు పడి కృష్ణ కాలువలకు నీరు వదలిన కొలది దినములకే, గుడివాడ ప్రాంతపు చేలగట్ల పచ్చికలో, బందరు పాత ఇండ్ల పెరళ్లలో, దివిసీమలో ఉప్పు తగులని మెరకలమీద జానెడు మూరెడు ఎత్తున ఒక చిరుమొక్క మొలచును. దానిని నాటినవారు లేరు. నడచువారు త్రొక్కుచునే పోవుదురు. ఇంటిలో నొకరి కన్నులు పచ్చబడిననాడు మాత్రము దానికై ఊరంతయు వెదకుదురు. అదియే నేలయుసిరిక. భూమ్యామలకి, తామలకి అని సంస్కృతమున దీనికి పేళ్లు.

వృక్షశాస్త్రము చెప్పు ఉపాధ్యాయునకు ఇంత చౌకయైన పాఠ్యపుస్తకము వేరొకటి దొరకదు. చూపునకు చింతాకువలె ఒకే ఈనెకు పెక్కు రేకులు గల ఆకుగా తోచును. నిజమునకు ఆ ఈనె ఒక చిన్నకొమ్మ. ప్రతి రేకును ఒక పూర్తి ఆకు. కొమ్మను వెనుకకు త్రిప్పినచో ప్రతి ఆకు మొదటను ఆవగింజంత పచ్చని కాయ వ్రేలాడుచుండును. చీకటి పడగానే ఆకులు ముడుచుకొనును.

దీనికి జ్ఞాతులు గలరు. కాండము ఎర్రబారి, కాయ గరుకుగా నుండు మరియొక జాతియు అవే చేలలో మొలచును. నేలయుసిరిక కాయ నునుపైనది. దానికి చిన్న తొడిమ యుండును. మన గ్రంథములు చిరకాలము దీనిని 'నిరూరి' అని వ్రాసినవి. నిరూరి అమెరికా ఖండపు మొక్క యనియు, మన గట్లమీది జాతి 'అమారస్' అనియు తరువాతి శాస్త్రజ్ఞులు వేరుపరచిరి. అమారస్ అనగా లాటిను భాషలో చేదు. ఆకు నమలినవారికి ఆ పేరు వివరింప నక్కరలేదు.

పెరటిలో పెంచదలచినవారు కాయ చిట్లకముందే గింజ సేకరింపవలెను. ఎండిన కాయ పగిలి గింజను దూరముగ విసరివేయును. గింజ మిక్కిలి సన్నము గనుక ఇసుకతో కలిపి తడిమడిమీద చల్లుదురు. నారు అంది వచ్చిన పిదప తీసి నాటుదురు. సుమారు మూడు నెలలకు మొక్కను వేరుతో పెరికి నీడను ఆరబెట్టుదురు. కలుపుమందు చల్లిన గట్టుమీది మొక్క ఎంత పచ్చగా నున్నను దానిని ముట్టరాదు.

సమూలముగ నూరి, మజ్జిగలో కలిపి, పరగడుపున ఇచ్చుట ఇండ్లలో వాడుక. రోగి కొన్ని వారములలో కోలుకొనును. ఘనత మొక్కకు దక్కును. చిక్కంతయు ఇచ్చటనే యున్నది. కలుషితమైన నీటివలన వచ్చు కామెర్లు పెక్కుమందికి మందు లేకయే తగ్గును. కాలువ చివర నుండి చెరువునీటిపై బ్రదుకు గ్రామములకు ఆ నీటి భయమే ఎక్కువ. రక్తము ద్వారా సోకు 'బి' రకము అట్టిది కాదు. అది కొందరిలో ఏండ్ల తరబడి నిలిచి కాలేయమును చెరచును.

ఈ 'బి' రకముమీద నేలయుసిరికను పరీక్షించిన కథ వినదగినది. ఆ వైరసును కనుగొని 1976లో నోబెల్ బహుమానము పొందిన బ్లుంబర్గుతో కూడి, మద్రాసు పరిశోధకులు 1988లో తమ ఫలితములను 'లాన్సెట్' పత్రికలో ప్రకటించిరి. వైరసును మోయుచున్న 37 మందికి నెలదినములు ఈ మొక్క పొడి ఇయ్యగా, 22 మంది రక్తములో దాని గుర్తు కానరాలేదు. మందు లేని పొడి పుచ్చుకొన్న 23 మందిలో ఒక్కరికే అట్లు జరిగెను. ప్రపంచము ఆశతో చూచినది. కాని థాయిలాండులోను న్యూజిలాండులోను మరల పరీక్షింపగా ఆ ఫలితము రాలేదు. మద్రాసువారు అసత్యమాడిరని దీని యర్థము కాదు. ఒక్క పరీక్షతో మందు మందు కాజాలదు.

కనుక మజ్జిగ కలుపుటకు ముందు రక్తపరీక్ష జరుగవలెను; కామెర్లు ఏ రకమో అదియే చెప్పును. 'బి' రకము సోకకుండ టీకా కలదు. కన్నులు పచ్చబడినది గర్భవతికైనచో నూరుచు కూర్చుండుటకు వ్యవధి లేదు. నీటివలన వచ్చు 'ఇ' రకము ఇతరులకు సాధారణముగ తగ్గిపోవునదే యైనను, నెలలు నిండుచున్న స్త్రీకి ప్రాణాంతకము కావచ్చును.