తెల్లని పత్తి, నల్లని బొగ్గు: మూడు వెలుగుల ఛాయాచిత్రము

ఆదిలాబాదు మార్కెట్టు యార్డులో పత్తి రాసులు పోసిన దినములలో ఎవరైనను కెమెరా చేతబట్టి, చట్రమంతయు పత్తితోనే నింపి ఒక చిత్రము తీసినచో, తెరపై కానవచ్చునది మల్లెవంటి తెలుపు కాదు, మాసిన బూడిదరంగు. అదే కెమెరాను గోదావరిఖని చెంతగల బొగ్గుగని అంచున నిలిపి, చట్రమంతయు బొగ్గుతో నింపినచో కాటుకవంటి ఆ నలుపు సయితము వెలిసిపోయి, ఇంచుమించు ఆ బూడిదరంగుననే ప్రత్యక్షమగును. ఉత్తర తెలంగాణమునకు అన్నముపెట్టు రెండు సంపదలను, ఒకటి నల్లరేగడి పైన పండునది, రెండవది నేల కడుపున దాగినది, కెమెరా ఒకే రంగున చూపుచున్నది. దీనికి కారణమేమి?

కెమెరాకు కన్ను కలదు గాని వివేకము లేదు. దానిలోని కాంతిమాపకము తన ఎదుటనున్న వస్తువు పత్తియా, బొగ్గా యని యెరుగదు. ఎదుటి దృశ్యము సగటున తనపై పడిన వెలుగులో సుమారు 18 శాతమును తిప్పి పంపు మధ్యస్థమైన బూడిదరంగు కలదియని అది ముందే నిశ్చయించుకొనియుండును. పత్తి అంతకంటె హెచ్చు వెలుగును తిప్పి పంపగా, ‘వెలుగు మితిమీరినది’ అని తలచి తగ్గించును. బొగ్గు తక్కువ వెలుగును పంపగా, ‘చాలలేదు’ అని పెంచును. నేటి కెమెరాలు దృశ్యమును అనేక ఖండములుగా విభజించి, కొంత ఊహించి, ఈ దోషమును కొంత సవరించుకొనగలవు. కాని మూలమునగల గ్రుడ్డితనము పోలేదు. కావుననే మానవుని తీర్పునకు చోటు మిగిలినది. ఆ తీర్పునకు సాయపడు ఉపాయములలో మిక్కిలి సులభమైనది, పురాతనమైనది ‘ఎక్స్‌పోజర్ బ్రాకెటింగ్’ అనబడు పద్ధతి.

గణితము బోధించు ఉపాధ్యాయులకు బ్రాకెట్టు సుపరిచితమే. ఒక సంఖ్యకు ఇరువైపుల నిలిచి దానిని తమ నడుమ బంధించు చిహ్నములవి. ఛాయాగ్రహణమునందును అంతియే. కాంతిమాపకము చెప్పిన వెలుగుతో ఒక చిత్రము, అంతకు తక్కువ వెలుగుతో ఒకటి, ఎక్కువ వెలుగుతో మరియొకటి తీసినచో, నిజమైన వెలుగు ఆ మూడింటి నడుమ ఎచటనో చిక్కకపోదు. ఫిరంగులు పేల్చువారు సయితము ఒక గుండును గురికి ఆవలను, ఒక దానిని ఈవలను వేసి, పిమ్మట నడిమి దూరమును గుర్తింతురు. తెలియని దానిని తెలిసిన రెండు హద్దుల నడుమ పట్టుట ఇందలి సూత్రము.

ఇందలి లెక్క విద్యార్థులకు కష్టమైనది కాదు. ఛాయాగ్రాహకుల భాషలో ‘ఒక స్టాపు’ అనగా వెలుగు రెట్టింపగుట, లేదా సగమగుట. షట్టరు సెకనులో 125వ వంతు తెరచియుండవలెనని కాంతిమాపకము చెప్పినదనుకొందము. రెండు స్టాపులు తగ్గించుటయనగా వెలుగును నాలుగవ వంతు చేయుట. అప్పుడు సెకనులో 500వ వంతు చాలును. రెండు స్టాపులు పెంచుటయనగా నాలుగు రెట్లు చేయుట. అప్పుడు సుమారు 30వ వంతు కావలెను. ఈ మూడు చిత్రములలోను లెన్సు రంధ్రము ఒకే కొలతన ఉండవలెను. రంధ్రమును మార్చినచో దగ్గరివి, దూరపువి స్పష్టముగా కనబడు లోతు మారిపోయి, మూడును మూడు వేర్వేరు దృశ్యములగును. ఐ.ఎస్.ఓ. సంఖ్యను పెంచినచో చీకటి భాగములలో ఇసుక చల్లినట్లు రేణువులు తేలును. కనుక మార్చదగినది షట్టరు కాలమొక్కటియే.

ఈ పద్ధతి ఆవశ్యకత తెలియవలెనన్నచో ఎలగందుల కోటకు పోవలెను. కరీంనగరమునకు సమీపమున మానేటి తీరమున గుట్టపై వెలసిన ఈ దుర్గము ఒకప్పుడు జిల్లాకే కేంద్రముగా నుండినది. మిట్టమధ్యాహ్నము దాని ద్వారము లోపల నిలిచి వెలుపలికి చూచినచో, ద్వారపు రాళ్లు నీడలోను, ఆవలి ఆకాశము మండుటెండలోను ఉండును. ఒక్కొక్క స్టాపు రెట్టింపు గనుక పది స్టాపుల తేడా యనగా 1024 రెట్లు. పదునాలుగు స్టాపుల తేడా యనగా 16,384 రెట్లు. మేలైన కెమెరా సయితము ఒక్క చిత్రమున పట్టగలుగునది సుమారు పండ్రెండు మొదలు పదునాలుగు స్టాపుల వరకే. అందును అడుగున ఉన్నవి రేణువులతో కలుషితమైయుండును. తెల్లని మేఘపు కొస మొదలు గోడమూలనున్న చీకటి వరకు గల అంతరము ఈ హద్దును దాటుట అరుదు కాదు. మన కన్ను ఆకాశమును చూచునప్పుడు కుంచించుకొని, రాతిని చూచునప్పుడు విప్పారి, రెండు చూపులను మనస్సులో ఒకటిగా కూర్చుకొనును. కెమెరా ఒకేసారి చూచును గనుక ఆకాశమునో, రాతినో వదలుకొనక తప్పదు. మూడు చిత్రములు తీసినచో ఒకదానిలో మేఘము, ఒకదానిలో కోటగోడ, ఒకదానిలో నీడలోని చెక్కడము దక్కును. పిమ్మట వానిని కంప్యూటరుపై ఒకటిగా కూర్చవచ్చును.

ఈ కూర్పు నేటి యోచన కాదు. ఫ్రాన్సు దేశమున గుస్తావ్ లె గ్రే అను ఛాయాగ్రాహకుడు 1850 దశకముననే సముద్రమునకొక నెగెటివును, ఆకాశమునకొక నెగెటివును వేరుగా తీసి, ఒకే కాగితముపై ముద్రించెను. ఆరవ నిజాము ఆస్థానమున ‘ముసవ్విర్ జంగ్’ బిరుదమందిన రాజా దీన్‌దయాళ్ (1844–1905) కాలమున బరువైన గాజుపలకలపై చిత్రములు తీసెడివారు. పలక పలకకు శ్రమయు, వ్యయమును ఉండెడివి. వెలుగును అనుభవముచేతనే అంచనా వేయవలసి వచ్చెడిది. ఫిల్ము వచ్చిన పిమ్మటను ముప్పదియారు చిత్రముల చుట్టలో ఒక్క దృశ్యమునకు మూడు ఖర్చుచేయుట ధనికులకో, వృత్తినిపుణులకో చెల్లినది. 1997లో డెబెవెక్, మాలిక్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు భిన్నమైన వెలుగులతో తీసిన చిత్రములనుండి దృశ్యములోని నిజమైన కాంతి పరిమాణములను గణించు విధానమును ప్రకటించిరి. ఆనాటినుండి ఈ విద్య గణితమునకు మరింత చేరువైనది.

మిర్రర్‌లెస్ కెమెరా ఈ మార్గమున మరియొక మెట్టు. పాత ఎస్.ఎల్.ఆర్. కెమెరాలో లెన్సు వెనుక 45 డిగ్రీల వాలున ఒక అద్దముండి, దృశ్యమును పైకి మళ్లించి కంటికి చూపెడిది. చిత్రము తీయునప్పుడు ఆ అద్దము టప్పున పైకి లేచెడిది. మిర్రర్‌లెస్ కెమెరాలో ఆ అద్దము లేదు. వెలుగు నేరుగా సెన్సారుపై పడును. సెన్సారు చూచినదే చిన్న తెరపై కంటికి కనబడును. 2008లో పానసోనిక్ సంస్థ వెలువరించిన జి1 ఈ తరగతి కెమెరాల వ్యాప్తికి నాంది పలికినది. దీనివలన బ్రాకెటింగునకు రెండు లాభములు కలిగినవి. చిత్రము ఎంత వెలుగుతో రానున్నదో మీట నొక్కకముందే తెలియును. అద్దపు కదలిక లేదు గనుక మూడు, ఐదు చిత్రములు వెంటవెంట, అదురు లేకుండ తీయుట సులభము. కెమెరా మెనూలో చిత్రముల సంఖ్యను, వాని నడుమ అంతరమును ఎంచుకొని, స్టాండుపై నిలిపి, రెండు సెకనుల టైమరు పెట్టి ఒక్కసారి నొక్కినచో చాలును. పెక్కు కెమెరాలలో తక్కినది యంత్రమే చేయును. చిత్రములను ‘రా’ రూపమున భద్రపరచుట మేలు.

అయినను ఎండలో నిలిచి చిన్న తెరను చూచి తీర్పు చెప్పరాదు. అందుకు సోపాన చిత్రమే సాక్షి. తరగతిలో విద్యార్థులు మార్కుల పంపిణీకి గీయు సోపాన చిత్రమువంటిదే ఇదియును: ఎడమ కొసన నలుపు, కుడి కొసన తెలుపు. దిమ్మెలు కుడి గోడకు గుమిగూడినచో అచటి వివరము నశించినదని అర్థము. డిజిటల్ సెన్సారున మితిమీరిన వెలుగు నిండిన కుండపై పోసిన నీటివంటిది. పొర్లిపోయినదానిని తిరిగి తేలేము. నీడలోనిదానిని మాత్రము కొంతవరకు పైకి తీయవచ్చును. కనుక మూడు చిత్రములలో తక్కువ వెలుగుది మేఘమునకు రక్షణ. ఎక్కువ వెలుగుది నీడకు ఊరట.

ఇదంతయు కోటలకు, కొండలకు సంబంధించిన వేడుకయేనా? కాదు, మనుష్యుల ముఖములకును సంబంధించినది. పుష్య అమావాస్యకు కేస్లాపూరులో జరుగు నాగోబా జాతరకై మెస్రం వంశీయులు తెల్లని వస్త్రములు ధరించి, గోదావరి జలము తెచ్చుటకు కాలినడకన పోవుదురు. ఎండలో తెల్లని తలపాగా, దాని క్రింద నల్లని ముఖము. యంత్రము తెలుపునకు జడిసి వెలుగును తగ్గించినచో, తలపాగా నిలుచును, ముఖము చీకటియగును. ఎవరి పండుగయో వారే చిత్రమునుండి మాయమగుదురు. ఇరువదవ శతాబ్దపు మధ్యభాగమున రంగుల ముద్రణశాలలలో వర్ణములను సరిచూచుకొనుటకు తెల్లజాతి స్త్రీ చిత్రముగల ‘షర్లీ కార్డు’ను ప్రమాణముగా పెట్టుకొనెడివారు. నల్లని మేనిఛాయలు సరిగా రాకపోవుటకు ప్రమాణమే అట్లుండుట ఒక కారణము. ప్రమాణము ఎవరిని చూచి ఏర్పరచిరో వారికే చిత్రము న్యాయము చేయును.

జోడేఘాట్‌లో కుమురం భీము నేలకొరిగిన 1940వ సంవత్సరము తరువాత, ఆస్ట్రియా దేశీయుడైన మానవశాస్త్రజ్ఞుడు హైమెన్‌డార్ఫ్ ఆదిలాబాదు గోండుల నడుమ మార్లవాయిలో నివసించెను. అచట 1943లో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రము ఆరంభమైనది. ఆయన గోండులపై రచించిన గ్రంథము 1948లో వెలువడినది. ఆయన తీసిన ఛాయాచిత్రములు నేడు లండనులోని సోయాస్ విద్యాలయమున భద్రముగా నున్నవి. ఆనాటి తాతముత్తాతల ముఖములను చూడదలచిన మనుమలకు అవి ఆధారము. ఒక ముఖము నీడలో కలిసిపోయినచో, ఎనుబది యేండ్ల పిమ్మట దానిని వెలుగులోనికి తెచ్చువారెవరు?

తిరిగి తీయుటకు వీలుగాని చిత్రములు నేడును కలవు. కరీంనగరము పాత జిల్లాలో మధ్య మానేరు జలాశయము నిండినప్పుడు పలు గ్రామములు నీట మునిగినవి. పొలములకు నీరు వచ్చినది. ఇండ్లు, గుడులు, బడులు నీటి క్రిందికి పోయినవి. అట్టి ఊరిలో ఇంటి ముంగిట నిలిచిన ముసలివారి చిత్రమునకు మరియొక అవకాశముండదు. ‘రేపు వచ్చి సరిగా తీయుదము’ అనుటకు రేపటికి ఊరుండదు. అట్టిచోట రెండు చిత్రములు అదనముగా తీయుట దుబారా కాదు. విత్తనపు గింజలను రెండు గాదెలలో దాచుకొనువంటి జాగ్రత్త.

ఈ పద్ధతికి హద్దులును కలవు. నెమలి ఈకల టోపీలతో గుస్సాడీలు ఆడుచుండగా మూడు చిత్రములు తీసి కలిపినచో, ఒక్కొక్కరికి మూడు కాళ్లు, మూడు కర్రలు కనబడును. అచట ముఖమును లక్ష్యముగా పెట్టుకొని ఒక్క చిత్రమునే సరిగా తీయవలెను. కడెం వాగుపై కుంటాల జలపాతమున రాళ్లు కదలవు, నీరు కదలును. రాళ్లను మూడు చిత్రములనుండి గ్రహించి, నీటిని ఒక్కదాని నుండియే తీసికొనుట యుక్తము. ఇక కూర్చునప్పుడు మితము తప్పి, నీడలన్నిటిని చెరిపి, ఆకాశమునకు లేని రంగులు పులిమినచో, అది సాక్ష్యము కాదు, అలంకారము. కరీంనగరపు వెండి తీగపనిలో తళుకు ఎంత అవసరమో, తీగల నడుమ నల్లని ఖాళీయు అంతే అవసరము. ఖాళీ లేనిదే పనితనము కనబడదు. నీడయు దృశ్యములో భాగమే.

పాఠశాలలో దీనిని బోధించుటకు ఖరీదైన యంత్రము అక్కరలేదు. వెలుగును తగ్గించి హెచ్చించు వీలున్న ఏ కెమెరాయైనను, సెల్‌ఫోనైనను చాలును. వరండాలో ఒక బల్లపై కొంత పత్తిని, దాని ప్రక్కన ఒక బొగ్గుముక్కను ఉంచి, విద్యార్థులచేత మొదట వేర్వేరుగా దగ్గరనుండి, పిమ్మట రెండింటిని కలిపి మూడు వెలుగులలో చిత్రములు తీయించవలెను. ఏ చిత్రమున పత్తి పత్తిగా నున్నది, ఏ చిత్రమున బొగ్గు బొగ్గుగా నున్నదియని అడుగవలెను. రెండింటికిని ఒకే కొలత పెట్టి తీర్పు చెప్పుట అన్యాయమని వారు తమంతట తామే కనుగొందురు. ఆ పాఠము కెమెరాకే పరిమితము కాదని ఉపాధ్యాయుడు వేరుగా చెప్పనక్కరలేదు.