‘జ్ఞా’ చేసిన నేరము

2018వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున మన తెలుగు అక్షర మొకటి లోకప్రసిద్ధి గాంచినది. మన కావ్యములకుగాని శాసనములకుగాని ఎన్నడును రాని కీర్తి దానికి రెండుమూడు దినములలోనే వచ్చెను. ఇటలీ, ఇంగ్లండు, అమెరికా దేశముల పత్రికలు దానిని తమ శీర్షికలపై కెక్కించినవి. అయితే అది పండితునకు వచ్చిన కీర్తి కాదు. పట్టుబడిన దొంగకు వచ్చిన కీర్తి. ఆ అక్షరము ఐఫోనులను పడగొట్టుచున్నదని వారి వార్త. ఆ అక్షరము ‘జ్ఞా’. జ్ఞానమునకు మొదటి అక్షరము.

బుద్ధిశాలి యని పేరుపెట్టి అమ్మెడి ఫోను, జ్ఞానమను మాటలోని మొదటి అక్షరమునకే తాళలేక మూర్ఛపోయినదనగా నవ్వురాని వా రుండరు. నేనును నవ్వితిని. కాని నవ్వు తీరిన పిమ్మట ఒక ప్రశ్న మిగిలినది. ఈ వ్యవహారమున నేరము ఎవరిది? అక్షరముదా, యంత్రముదా? నాటి వార్తలలో అధికభాగము అక్షరముమీదనే నేరము మోపినవి. ఆ తీర్పును పునర్విచారణకు తెచ్చుటయే నేటి నా ప్రసంగము.

మొదట జరిగినది చెప్పెదను. ఆ దినములలో ఆపిల్ కంపెనీవారి ఐఫోనులందు నడచుచుండిన సాఫ్ట్‌వేరు సంఖ్య 11.2.5. అది గల ఫోనునకు ఈ అక్షరముతో ఎవరైన సందేశము పంపినచో, దానిని తెరపై చూపబోయి ఆ కార్యక్రమము మూతపడెడిది. మరల తెరచినచో మరల మూతపడెడిది. ఏలయన మొట్టమొదట చూపవలసినది ఆ సందేశమే గదా! వాట్సాప్, జీమెయిల్ మొదలగువానికిని ఇదే గతి పట్టెను. సందేశము వచ్చినదని తెలుపు చిన్న ప్రకటన తెరపైకి వచ్చుటతోనే ఫోనంతయు కుప్పకూలి మరల మొదటినుండి ఆరంభమగుటయు కలదు. కొంటెవాండ్రు ఊరకుందురా? దొరికిన చోటులనెల్ల ఆ అక్షరమును పనిగట్టుకొని చల్లిరి. తుదకు ఫిబ్రవరి 19వ తేదీన కంపెనీవారు 11.2.6 అను సంఖ్యగల క్రొత్త సాఫ్ట్‌వేరును విడుదలచేసి లోపమును సవరించిరి. వారి కంప్యూటర్లకును, చేతిగడియారములకును, టెలివిజను పెట్టెలకును గూడ ఆనాడే సవరణలు పంపవలసివచ్చెను.

ఇక లోపలి సంగతి. కంప్యూటరునకు అక్షరములు తెలియవు. అంకెలు మాత్రమే తెలియును. కావున లోకములోని లిపులన్నిటికిని అంకెలు కేటాయించి ఒక పట్టిక కట్టిరి. దాని పేరు యూనికోడు. 1991లో వెలువడిన దాని మొదటి కూర్పునందే తెలుగునకు స్థానము దొరకినది. అది 128 గదులుగల వీథి. అందు ‘జ’ 3100వ గదిలో నున్నది. ‘ఞ’ 3102వ గదిలో నున్నది. దీర్ఘము 3134వ గదిలోను, పొల్లు 3149వ గదిలోను కాపురమున్నవి. మన గుణింతములకును ఒత్తులకును వేరువేరు గదులు లేవు. అట్లు ప్రతి సంయుక్తాక్షరమునకు ఒక గది యిచ్చినచో ఆ వీథి ఊరు దాటిపోవును. కావున మనము ‘జ్ఞా’ అని వ్రాసినప్పుడు యంత్రము దాచుకొనునవి నాలుగంకెలు: 3100, 3149, 3102, 3134. అనగా జ, పొల్లు, ఞ, దీర్ఘము.

ఆంగ్లమున ఒక అంకెకు ఒక రూపము. ప్రక్కప్రక్కన పేర్చుకొనిపోయిన చాలును. మనకు అట్లు కాదు. ఈ నాలుగింటిని కలిపి ఒక్క రూపముగా మలచవలెను. ఇందొక చమత్కారమును కనిపెట్టవలెను. అంకెల వరుసలో దీర్ఘము ‘ఞ’ తరువాత వచ్చుచున్నది. కాని కంటికి కనబడునప్పుడు ‘ఞ’ ఒత్తుగా మారి క్రిందికి దిగిపోవును. దీర్ఘము దానిని దాటిపోయి పైనున్న ‘జ’ను పట్టుకొనును. ఇది చాలదన్నట్లు, మనము వ్రాయునది జకార ఞకారములు. పలుకునది మాత్రము గకారమునకు దగ్గరగా నుండును. అచ్చుకూటములోని కంపోజిటరు ఈ పనిని చేతి అలవాటుచేత చేసెడివాడు. ఒత్తు ఎక్కడ దిగునో, దీర్ఘము ఎక్కడ తగులునో అతని వ్రేళ్లకు తెలియును. కంప్యూటరులో ఆ కంపోజిటరు స్థానమున ఒక సాఫ్ట్‌వేరు భాగము కూర్చుండి, ప్రతి అక్షరమును క్షణములో ముక్కలుచేసి, స్థానములు మార్చి, మరల అతికించుచున్నది. కూలినది ఆ కంపోజిటరే.

కాని అతడు ఊరకే కూలలేదు. శ్రద్ధతో పరీక్షించినవారు ఒక విశేషమును బయటపెట్టిరి. మనము నిత్యము వ్రాయు నాలుగంకెల ‘జ్ఞా’ ఏ ఫోనును బాధింపలేదు. బాధించినది అయిదంకెల ‘జ్ఞా’. ఆ అయిదవ అంకె 8204. అది ‘ఞ’కును దీర్ఘమునకును నడుమ జొరబడి కూర్చున్నది.

ఈ 8204 ఎవరు? దీనికి రూపము లేదు, ధ్వని లేదు, వెడల్పు లేదు. కంటికి కనబడదు, చెవికి వినబడదు, అయినను ఉన్నది. వేదాంతులు పరతత్త్వమునకు చెప్పెడి లక్షణములలో పెక్కు దీనికిని వర్తించును. దీని పని యొక్కటే: ప్రక్కప్రక్కనున్న రెంటిని కలియనీయకుండుట. మనకు దీనితో నిజమైన అవసరము కలదు. ‘సాఫ్ట్‌వేరు’ అను మాటనే చూడుడు. ఈ అదృశ్యచిహ్నము లేనిచో పొల్లు తన స్వభావముచొప్పున ‘ట’కు వకారపు ఒత్తును తగిలించి ‘సాఫ్ట్వేరు’ అని ముడివేయును. పొల్లు తరువాత ఈ చిహ్నమును నిలిపినచో పొల్లు పొల్లుగనే యుండును. తరువాతి అక్షరము తన కాళ్లమీద తాను నిలుచును. పరభాషాపదములు మన లిపిలో కుదురుగా కూర్చుండుటకు ఈ చిహ్నము చేయు ఉపకారము తక్కువది కాదు.

అయితే పైని కూర్పులో అది పొల్లు తరువాత లేదు. హల్లునకును దానిపై దీర్ఘమునకును నడుమ నున్నది. అచ్చట దానికి పని లేదు. ‘కలియవలదు’ అని ఒకరు, ‘కలిసి తీరవలెను’ అని యొకరు చెప్పిన ఇంటిలో పనివాడు ఏమి చేయును? వివేకియైనచో ఒకమాటను విడిచి, పని కానిచ్చి, ముందుకు పోవును. మన యంత్రము వివేకి కాదు, చతికిలబడెను. మరియు ఇది తెలుగునకే పరిమితమైన వ్యాధియు కాదు. బెంగాలీ, దేవనాగరి లిపులలో గూడ ఇట్టి కొన్ని కూర్పులు అదే ఫలితము నిచ్చినవి. ఆ 8204వ గది తెలుగు వీథిలోనిదే కాదు. సర్వభాషలకును ఉమ్మడియైన విరామచిహ్నముల వీథిలోనిది. అనగా ‘తెలుగు అక్షరము’ అని పేరుపెట్టి పట్టితెచ్చిన ముద్దాయి చేతిలో దొరకిన సాధనము తెలుగువారిది కాదు.

ఇంకొక సాక్ష్యమును గూడ వినిపించెదను. ఈ యుదంతమునకు మూడుమాసములు ముందు, 2017 నవంబరులో, అవే ఐఫోనులలో ఆంగ్లమున ‘నేను’ అను అర్థమిచ్చు ‘ఐ’ అక్షరమును వ్రాయబోయినవారికి, దానికి మారుగా ‘ఏ’ అక్షరమును ఒక ప్రశ్నార్థకపు పెట్టెయు వచ్చి పడినవి. తన పేరులోనే మొదటి అక్షరమైనదానిని ఆ ఫోను వ్రాయలేకపోయినది! అప్పుడు ఆంగ్లలిపి మిక్కిలి జటిలమైనదని ఎవరైన వ్రాసిరా? ఆంగ్లాక్షరములను సంస్కరింపవలెనని ఎవరైన సలహా యిచ్చిరా? లేదు. ఫోనులో లోపము కలదనిరి, కంపెనీవారు కొలది దినములలో సవరించిరి, అంతటితో సరి. 2018 జనవరిలో ఆంగ్లాక్షరములతో వ్రాసిన ఒక లంకెను సందేశముగా పంపినచో ఐఫోనులు స్తంభించినవి. అప్పుడును నేరము లంకెదే గాని లిపిది కాదు.

లిపి మనదైనప్పుడు మాత్రము వార్త స్వరూపము మారుచున్నది. 2015 మే మాసములో కొన్ని అరబ్బీ, దేవనాగరి, చీనా అక్షరములతో కూడిన సందేశము ఐఫోనులను పడగొట్టినది. 2020 ఏప్రిలులో ఇటలీ జెండా బొమ్మతోపాటు వచ్చిన సింధీ అక్షరములు అదేపని చేసినవి. వార్తలలో ఆ అక్షరములన్నియు ‘ప్రమాదకరములు’. ఇంటివాని ఒంటికి జబ్బు చేసినచో జబ్బందురు. అతిథి ఎదుట జబ్బు చేసినచో అతిథి దృష్టి తగిలినదందురు. ఆడలేక మద్దెల ఓడనుట మన పెద్దలు ఎరిగిన సంగతియే. ఈ మద్దెల శతాబ్దములుగా మ్రోగుచున్నది. ఆట నేర్చుకొనవలసినవాడు నిన్నమొన్న వచ్చినవాడు.

ఇది మాటల పట్టింపు కాదు. శీర్షికను చదివినవాని మనస్సున నిలుచునది ఏమి? తెలుగు కష్టమైన లిపి, యంత్రములకు పనికిరాని లిపి అనియే గదా. ఈ తలపు మనకు క్రొత్తది కాదు. టైపురైటరు వచ్చిన దినములలో, యంత్రము చిన్నది గనుక లిపినే కురచచేయుదమను ఆలోచనలు పుట్టినవి. కంప్యూటరులు వచ్చిన తొలినాళ్లలో అచ్చుపనివారు వేరొక ఉపాయము పన్నిరి. ఆంగ్లాక్షరముల గదులలో తెలుగు తునకల బొమ్మలను నింపి పత్రికలను, పుస్తకములను ముద్రించిరి. కాగితముమీద అది చక్కని తెలుగే. కాని ఆ ఫైలును ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరచినచో కనబడునది అర్థము లేని ఆంగ్లాక్షరముల గుంపు. అట్లు కూర్చిన వ్రాతలలో ఒక మాటను వెదకవలెనన్నను దొరకదు. యంత్రమునకు తగినట్లు మనలను మనము కుదించుకొన్నప్పుడెల్ల ఇట్టి మూల్యమే చెల్లించితిమి. యూనికోడు వచ్చుటచేత ఆ కుదింపు తప్పినది. నాలుగంకెల ‘జ్ఞా’ ఏ దేశమున తెరచినను ‘జ్ఞా’యే.

అయినను మనయందును కొంత లోటు కలదని నాకు తోచుచున్నది. వార్త వినగానే గుమ్మడికాయల దొంగ యన్నట్లు మనలో కొందరు భుజములు తడుముకొనిరి. మన లిపి అంతటి గొప్పదని మరికొందరు మీసములు దువ్విరి. ఈ రెంటికంటెను ఉపయోగకరమైన పని వేరొకటి కలదు. 2011వ సంవత్సరపు జనాభా లెక్కలలో తెలుగు మాతృభాషయని చెప్పుకొన్నవారు 8 కోట్ల 11 లక్షలు. వీరిలో ఫోనులు గలవారు పెక్కండ్రు తెలుగు మాటలను ఆంగ్లాక్షరములతో వ్రాసి పంపుకొనుచున్నారు. తెలుగక్షరములు తనలోనుండి పోనిచో యంత్రములోని తెలుగు లోపములు ఎట్లు బయటపడును? ఎవరును నడువని బాటలోని ముండ్లు ఏరువారుండరు. ‘జ్ఞా’ చేసినది నిజమునకు పరీక్షకుని పని. పునాదిలోని పగులును అది చూపెను. వారము దినములలో ఆ పగులు పూడెను. దానివలన లాభపడినవారు తెలుగువారు మాత్రమే కాదు. ఆ ఫోను వాడువారందరును.

కావున శ్రోతలకు నా మనవి ఇది. మీ ఫోనులో తెలుగు వ్రాయుడు. ఒత్తు తప్పుగా పడినచో, పొల్లు ముడిపడినచో, అక్షరమునకు మారుగా పెట్టె కనబడినచో, మన లిపియే ఇంతయని సరిపెట్టుకొనక ఆ యంత్రము చేసినవారికి తెలియజేయుడు. వెల చెల్లించి కొన్నవారము మనము. అక్షరము సరిగా కనబడవలెనని యడుగుట యాచన కాదు.

ఆపిల్ కంపెనీవారు సవరణను వర్ణించుచు, లోనికి వచ్చుదానిని పరిశీలించు విధమును మెరుగుపరచితిమని ప్రకటించిరి. అనగా వచ్చినదానిని వచ్చినట్లు మ్రింగక, ఒకమారు చూచి స్వీకరించుట యన్నమాట. ఫోను ఆ పాఠమును 2018 ఫిబ్రవరి 19వ తేదీననే నేర్చుకొనినది. సాంకేతికవార్తలను చదువు మనకును అట్టి సవరణ యొకటి అవసరమే. ‘ఫలానా అక్షరము యంత్రమును కూల్చినది’ అను శీర్షిక ఇక ముందెప్పుడు కనబడినను, కూలినవాడు ఎవడు, ఏల కూలెను అని అడిగిన పిమ్మటనే దానిని లోనికి రానిండు.