నేలను తవ్వే తేనెటీగ: స్వరూపవర్ణన, గుర్తింపు, తెలుగు పేర్ల సమస్య (మలికిపురం నేపథ్యంలో)

వ్యాససంగ్రహం:

తేనెటీగ అనగానే పట్టు, పట్టులోని గుంపు, తేనె స్ఫురిస్తాయి. అయితే ప్రపంచంలోని తేనెటీగజాతులలో అధికభాగం పట్టు కట్టవు. నేలలో గూడు తవ్వుకొని ఒంటరిగా జీవిస్తాయి. ఆంగ్లంలో 'మైనింగ్ బీ' అనే పేరున్న ఆండ్రీనా వర్ణనను తెలుగులోకి తెచ్చుకుంటే, కోనసీమ మట్టిలో కనబడే కీటకాన్ని పొరపాటుగా గుర్తించే ప్రమాదం ఉంది. ఈ వ్యాసం నీలిపట్టీల తేనెటీగను ప్రధానోదాహరణగా తీసుకొని దాని స్వరూపాన్ని వర్ణిస్తుంది. దానిని పోలిన కీటకాలనుండి వేరుపరచే లక్షణాలను వివరిస్తుంది. ఆ వర్ణనకు తెలుగు పదజాలం ఎంతవరకు సహకరిస్తుందో పరిశీలిస్తుంది.

కీలకపదాలు: తేనెటీగ, తుమ్మెద, కందిరీగ, అమెగిల్లా, ఆండ్రీనా, భ్రమరకీటన్యాయం, పారిభాషిక పదాలు, మలికిపురం.

1. ఉపోద్ఘాతం:

వసిష్ఠ, వైనతేయ పాయల నడుమ ఉన్న రాజోలు సీమలోని మండలకేంద్రం మలికిపురం. గోదావరి మేట వేసిన ఒండ్రునేల, కొబ్బరితోటలు, వరిచేలు, పెరటి కూరపాదులు ఈ సీమ లక్షణాలు. ఇటువంటి చోట ఎండిన గట్టుమీదనో, చూరుకింద తడవని మట్టిలోనో, పాత మట్టిగోడలోనో పెన్సిలు పట్టేంత గుండ్రని రంధ్రాలు కనబడితే అవి చీమలవో కందిరీగలవో అనుకోవడం సహజం. కుడతాయన్న భయంతో వాటిని పూడ్చివేయడమూ జరుగుతుంది. రంధ్రంలోకి వెళ్తున్నది ఏ కీటకమో తెలియాలంటే ముందు దానిని సరిగా చూడాలి. చూసినదానిని చెప్పడానికి సరైన మాటలుండాలి. ఈ రెండు అవసరాలూ పరస్పరాశ్రితాలు.

2. 'మైనింగ్ బీ' - అనువాద సమస్య:

ప్రపంచంలో ఇప్పటివరకు 20,000కు పైగా తేనెటీగజాతులను శాస్త్రజ్ఞులు వర్ణించారు. ఆంగ్లంలో మైనింగ్ బీ అనే వ్యవహారం ముఖ్యంగా ఆండ్రీనా ప్రజాతికి చెందుతుంది. ఈ ప్రజాతిని 1775లో ఫాబ్రీషియస్ ప్రతిపాదించాడు. ఇంగ్లండు పచ్చికబయళ్ళలో వసంతకాలంలో కనబడే ఆండ్రీనా ఫుల్వా దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ. ఆండ్రీనా ప్రధానంగా ఉత్తరార్ధగోళపు సమశీతోష్ణ ప్రాంతాలకు చెందినది. భారతదేశంలో నమోదైన ఆండ్రీనా జాతులలోనూ హెచ్చుభాగం హిమాలయ, వాయవ్య ప్రాంతాలవే. కాబట్టి మలికిపురంలో మట్టిరంధ్రం కనబడగానే దానిని ఆండ్రీనాకు ఆపాదించడం శాస్త్రసమ్మతం కాదు.

భాషాపరంగా కూడా ఈ పేరు చిక్కు తెస్తుంది. 'గని తేనెటీగ' అంటే తెలుగు పాఠకునికి బొగ్గు, ఇనుము గుర్తుకువస్తాయి గాని గూడు గుర్తుకురాదు. 'తొలుచు' అనే క్రియ కొయ్యకు ఎక్కువగా నప్పుతుంది. దూలాలను, ఎండువెదురును తొలిచే పెద్ద నల్ల తుమ్మెదకు ఆ క్రియ చెల్లుతుంది. మట్టి విషయంలో 'తవ్వు' అనడమే సహజం. అందువల్ల ఈ వ్యాసంలో 'నేలను తవ్వే తేనెటీగ' అనే వ్యవహారం స్వీకరింపబడింది.

3. నీలిపట్టీల తేనెటీగ - స్వరూపవర్ణన:

దక్షిణ భారతదేశంలో నేలను తవ్వే తేనెటీగలలో సులభంగా కంటబడేది అమెగిల్లా జొనాటా. లిన్నేయస్ 1758లో దీనిని ఏపిస్ జొనాటా అనే పేరుతో వర్ణించాడు. బింగ్‌హామ్ 1897లో బ్రిటిష్ ఇండియా జంతుజాల గ్రంథమాలలో దీనిని ఆంథోఫోరా ప్రజాతిలో చేర్చాడు. అదే సంవత్సరం ఫ్రీజ్ ప్రతిపాదించిన అమెగిల్లా ప్రజాతిలో నేడు దీనిని చేరుస్తున్నారు. పట్టు కట్టే తేనెటీగలూ ఇదీ ఏపిడే అనే ఒకే కుటుంబానికి చెందినవి.

3.1. శిరస్సు: ముఖంమీద పాలిపోయిన పసుపు గుర్తులుంటాయి. ముఖపు కిందిభాగం ముందుకు ఉబ్బి ఉంటుంది. తుండం చాలా పొడవైనది. గొట్టంవంటి పూల అడుగున ఉన్న మకరందాన్ని అందుకోవడానికి ఇది తోడ్పడుతుంది. పూవును సమీపించేటప్పుడు తుండం ముందుకు చాచి ఉండటం గమనింపదగినది.

3.2. వక్షం, కాళ్ళు: బలిష్ఠమైన వక్షాన్ని గోధుమరంగు దట్టపు నూగు కప్పి ఉంటుంది. రెక్కలు పారదర్శకాలు. ఆడకీటకం వెనుకకాళ్ళమీద పుప్పొడిని మోసే రోమాల కుచ్చు ఉంటుంది. పట్టు కట్టే తేనెటీగకు ఇదే చోట నున్నని పల్లం, అంటే పుప్పొడిబుట్ట ఉంటుంది. అది పుప్పొడిని మకరందంతో తడిపి ముద్దగా మోస్తే, అమెగిల్లా పొడిగానే రోమాల నడుమ మోస్తుంది.

3.3. ఉదరం: నల్లని ఉదరంమీద లోహకాంతిగల నీలిపట్టీలు అడ్డంగా ఉంటాయి. ఈ పట్టీలు చర్మంమీది రంగు కావు; ఉదరానికి అంటుకొని పడుకొన్న పొట్టి రోమాలవి. కాబట్టి వయసుమీరిన కీటకాలలో రోమాలు రాలి పట్టీ చెదరవచ్చు. దేహం పొడవు సుమారు 10 నుండి 14 మిల్లీమీటర్లు.

3.4. ఆడ, మగ భేదం: సాధారణంగా ఆడకీటకానికి నాలుగు, మగకీటకానికి అయిదు పట్టీలుంటాయి. అంతకంటె స్థిరమైన ఆధారం స్పర్శశృంగాలలోని ఖండాల సంఖ్య: ఆడకీటకానికి 12, మగకీటకానికి 13. కొండి ఆడకీటకానికే ఉంటుంది. మగవాటికి గూడు లేదు. సాయంత్రం గడ్డిపోచనో ఎండుపుల్లనో హనువులతో కరచిపట్టుకొని రాత్రి గడుపుతాయి. ఒకే పుల్లమీద పలు కీటకాలు వరుసగా కనబడడమూ కద్దు.

4. గూడు:

ప్రతి ఆడకీటకమూ తన గూడును తానే తవ్వుకుంటుంది. రాణి, కూలి ఈగలు అనే విభజన లేదు. ఒకేచోట పలు రంధ్రాలుంటే అది ఒక కుటుంబం కాదు, ఇరుగుపొరుగు ఇళ్ళ వాడ. సొరంగం చివర గదులుంటాయి. వాటి లోపలిగోడకు ఆడకీటకం తన గ్రంథిస్రావంతో పూత పూస్తుంది. ఆ పూత గదిలోని ఆహారాన్ని తేమనుండి కాపాడుతుంది. గదిలో పుప్పొడి, మకరందం నింపి, గుడ్డు పెట్టి, మూతవేస్తుంది. కొల్లగొట్టడానికి తేనె నిల్వ గాని, కాపాడుకోవలసిన గుంపు గాని లేనందున ఇవి మూకుమ్మడిగా దాడిచేయవు. చేత్తో పట్టుకొంటే ఆడకీటకం కుట్టగలదు.

5. పోలిన కీటకాలనుండి వేరుపరచడం:

5.1. ఆండ్రీనా: ఆడకీటకంలో కన్నుకూ స్పర్శశృంగానికీ నడుమ మఖమలువంటి నూగుతో నిండిన పల్లం ఉంటుంది. ప్రతి స్పర్శశృంగం మొదట కిందివైపుకు రెండేసి గీతలుంటాయి. తుండం పొట్టిది. అమెగిల్లాలో మఖమలు పల్లం లేదు, తుండం పొడవైనది.

5.2. హోప్లోనోమియా: ఇదీ నేలను తవ్వేదే, ఉదరంమీద ముత్యపుకాంతిగల పట్టీలుంటాయి. అయితే అవి రోమాలు కావు, ఉదరఖండాల అంచులే ఆ రంగులో ఉంటాయి. ఇది హాలిక్టిడే కుటుంబానికి చెందినది. ఈ కుటుంబంలో ముందురెక్క మొదట్లోని ఒక సిర విల్లులా వంగి ఉంటుంది.

5.3. థైరియస్: నల్లని దేహంమీద నీలి లేదా తెల్లని మచ్చలుంటాయి, తెగని పట్టీలుండవు. కోకిల కాకిగూటిలో గుడ్డు పెట్టినట్లు ఇది అమెగిల్లా గూటిలో గుడ్డు పెడుతుంది. పిల్లలకోసం పుప్పొడి సేకరించదు గనుక వెనుకకాళ్ళమీద రోమాల కుచ్చు లేదు. రంధ్రాల దగ్గర థైరియస్ తచ్చాడుతుంటే అక్కడ అమెగిల్లా గూళ్ళు ఉండవచ్చునని ఊహించవచ్చు.

5.4. కందిరీగ: దేహం సాధారణంగా నున్నగా, నడుము సన్నగా ఉంటుంది. తేనెటీగ రోమాలు కొమ్మలుగా చీలి ఉంటాయి. కందిరీగ రోమాలకు ఆ చీలిక లేదు. భూతద్దం లేనప్పుడు గూటికి తెచ్చేదాన్ని చూడాలి. పుప్పొడి తెస్తే తేనెటీగ. పురుగునో సాలీడునో తెస్తే కందిరీగ.

అమెగిల్లాలో దగ్గరి పోలికలున్న జాతులు పెక్కు ఉన్నందున ఛాయాచిత్రం ఆధారంగా ప్రజాతివరకే చెప్పడం యుక్తం. జాతినిర్ణయానికి నమూనాను సూక్ష్మదర్శిని కింద పరిశీలించాలి.

6. తెలుగు, సంస్కృత పదజాలంలో తేనెటీగ:

అమరకోశంలో భ్రమరవాచకాలు పెక్కు ఉన్నాయి. మధుప, మధుకర, మధువ్రత పదాలు ఆహారాన్ని, షట్పదం కాళ్ళ సంఖ్యను చెబుతాయి. ద్విరేఫం కీటకలక్షణాన్ని కాక 'భ్రమర' శబ్దంలోని రెండు రేఫలను చెబుతుంది. ఆరు కాళ్ళు కీటకాలన్నిటికీ ఉన్నవే గనుక షట్పదం గుర్తింపుకు చాలదు. అదే కోశంలో సరఘా (తేనెటీగ), వరటా (కందిరీగ) వేర్వేరుగా చెప్పబడ్డాయి. అంటే భేదం నిఘంటుకారునికి తెలియనిది కాదు. కావ్యవ్యవహారంలో భ్రమరమే ప్రధానమై తక్కినవి వెనుకబడ్డాయి. తెలుగులోనూ తేటి, తుమ్మెద, జుంటీగ, తేనెటీగ అనే మాటలున్నా, నేలలో గూడు తవ్వే తేనెటీగకు వేరుగా పేరు స్థిరపడలేదు.

భ్రమరకీటన్యాయం ఈ సందర్భంలో పరిశీలింపదగినది. భ్రమరం పురుగును తెచ్చి గూటిలో ఉంచితే, ఆ పురుగు భ్రమరాన్నే తలచి తలచి భ్రమరమవుతుందని ఈ న్యాయం చెబుతుంది. దీని వెనుక నిశితమైన పరిశీలన ఉంది: పురుగు లోపలికి వెళ్ళడం, మూత పడడం, కొన్నాళ్ళకు రెక్కల కీటకం వెలికిరావడం నిజంగా జరిగేవే. కాని పురుగును కుట్టి, కదలలేకుండా చేసి, గూటిలో పెట్టేది కందిరీగ. దాని గుడ్డునుండి వచ్చిన డింభకం ఆ పురుగును తిని పెరుగుతుంది. కాబట్టి ఈ న్యాయంలోని 'భ్రమరం' ప్రవర్తననుబట్టి కందిరీగయే. ఈ నిర్ణయం న్యాయం యొక్క తాత్త్వికార్థాన్ని తగ్గించదు. పాఠ్యబోధనలో దీనిని వివరించేటప్పుడు తేనెటీగ జీవితచక్రంగా చెప్పకుండా ఉండటానికి తోడ్పడుతుంది.

7. గుర్తింపు ప్రయోజనం:

వంగ, టమాట పూలలో పుప్పొడి చిన్న రంధ్రాలగుండా మాత్రమే వెలువడే కోశాలలో ఉంటుంది. అమెగిల్లా పూవును పట్టుకొని రెక్కలు కదల్చకుండానే రెక్కల కండరాలను అదరగొడుతుంది. ఆ ప్రకంపనకు పుప్పొడి రాలుతుంది. హోప్లోనోమియా, పెద్ద తుమ్మెద కూడా ఈ పని చేయగలవు. పట్టు కట్టే తేనెటీగ చేయలేదు. ఈ పైర్లలో స్వపరాగసంపర్కం జరిగినా, ఈ అదురు కాపుకు తోడ్పడుతుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సి. సుబ్బారెడ్డి, ఎ.జె. సాల్మన్ రాజు ప్రభృతులు జరిపిన పరాగసంపర్క అధ్యయనాలు ఒంటరి తేనెటీగలకు పూలతో ఉన్న సంబంధాన్ని విశదపరచాయి. పెరటి వంగపాదు పక్కన మట్టిరంధ్రాన్ని కందిరీగ గూడని పూడ్చివేస్తే, ఆ పాదుకు పనిచేసే కీటకం తరువాతి తరం మట్టిలోనే నశిస్తుంది. పేరులోని పొరపాటుకు ఇటువంటి ఫలితం కూడా ఉంటుంది.

8. ముగింపు:

- 'మైనింగ్ బీ' అనే పేరును యథాతథంగా అనువదించి ఆండ్రీనా వర్ణనను కోనసీమకు అన్వయించడం సరికాదు. ఇక్కడ అమెగిల్లా, హోప్లోనోమియా వంటి ప్రజాతులను ముందుగా పరిశీలించాలి.
- పట్టీ రోమాలదా చర్మానిదా, పుప్పొడి పొడిగా ఉందా ముద్దగా ఉందా, గూటికి చేరేది పుప్పొడా పురుగా అనే మూడు ప్రశ్నలు ప్రాథమికమైన గుర్తింపుకు మార్గం చూపుతాయి.
- ఒంటరిగా నేలను తవ్వే తేనెటీగలకు 'నేలతేటి' అనే పేరును, అమెగిల్లా జొనాటాకు 'నీలిపట్టీల నేలతేటి' అనే పేరును పారిభాషిక పదాలుగా పరిశీలించవచ్చు. శాస్త్రీయనామాన్ని మాత్రం విడువరాదు.
- రాజోలు సీమలో రైతులు, తోటపనివారు వాడే కీటకనామాలను కీటకంతో సహా సేకరించడం మాండలిక పరిశోధకులు చేపట్టదగిన పని. నమూనా లేని పేరు నిఘంటువులో చేరినా, అది ఏ కీటకానిదో తరువాతివారు నిర్ణయించలేరు.