సీసా మీద అంకె, సిరంజి మీద అంకె

ఆసుపత్రుల్లో, పల్లెల్లో, రోగుల ఇళ్లలో మందులిచ్చే నర్సులతో ఈ రోజు ఒక్క మందు గురించి, దానిలో జరిగే ఒక్క పొరపాటు గురించి మాట్లాడుకుందాం. ఆ మందు ఇన్సులిన్. ఇంట్లో పెద్దవాళ్లకు స్వయంగా సూది వేసే కోడళ్లు, కొడుకులు కూడా ఇది వినడం మంచిది.

ఇన్సులిన్‌ను యూనిట్లలో కొలుస్తారు. మన దేశంలో మామూలుగా వాడే సీసాల్లో మిల్లీలీటరుకు 40 యూనిట్లు ఉంటాయి. పెన్నుల్లో వేసే కార్ట్రిడ్జుల్లో, కొన్ని సీసాల్లో మిల్లీలీటరుకు 100 యూనిట్లు ఉంటాయి. సిరంజిలూ అలాగే రెండు రకాలు. 40 రకానికి సాధారణంగా ఎర్ర మూత, 100 రకానికి నారింజ రంగు మూత ఉంటుంది. అయితే రంగునే నమ్ముకోకండి. సిరంజి మీద అచ్చయిన అంకె చదవండి.

ఇంతకీ చిక్కెక్కడ? డాక్టరుగారు 20 యూనిట్లు రాశారనుకుందాం. 40 రకం మందును 40 రకం సిరంజితో 20 గీత దాకా తీస్తే అర మిల్లీలీటరు వస్తుంది. అది సరిగ్గా 20 యూనిట్లు. అదే సిరంజితో 100 రకం మందు తీస్తే గీత 20 దగ్గరే ఉంటుంది, లోపల మాత్రం 50 యూనిట్లు ఉంటాయి. రెండున్నర రెట్లన్నమాట! రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. తారుమారై, 40 రకం మందును 100 రకం సిరంజితో తీస్తే వచ్చేవి 8 యూనిట్లే. రోజూ సూది వేస్తున్నా చక్కెర అదుపులోకి రాదు.

హోసూరులోనో, బళ్లారిలోనో, రాయగడలోనో ఉండే మనవాళ్లు వైద్యానికి ఒక ఊరు, మందులకు ఇంకో ఊరు వెళ్లవలసి రావచ్చు. సీసా ఒకచోట, సిరంజి మరోచోట కొన్నప్పుడు రెండింటినీ పక్కపక్కన పెట్టి అంకెలు కలిశాయో లేదో చూడండి. కలవకపోతే మనసులో లెక్కకట్టి సర్దవద్దు. సరిపడే సిరంజి తెప్పించండి. పెన్ను కార్ట్రిడ్జిలోంచి సిరంజితో మందు లాగవద్దు.

సూది వేసే ముందు అయిదు ప్రశ్నలు వేసుకోండి. మనిషి సరైనవారేనా? మందు అదేనా? మోతాదు ఎంత? వేళ ఇదేనా? ఇవ్వవలసిన మార్గం ఏది? భోజనానికి ముందు వేసే సూది అయితే, అన్నం సిద్ధంగా ఉందో లేదో కూడా అడగండి. చీటీలో యూనిట్లకు బదులు ఇంగ్లీషు 'యూ' అక్షరం ఒక్కటే రాస్తే అది సున్నాలా కనబడి, 10 కాస్తా 100 అవుతుంది. అనుమానం వస్తే ఊహించకండి, డాక్టరుగారిని అడగండి. మీరు రాసేటప్పుడు 'యూనిట్లు' అని పూర్తిగా రాయండి.

చెమటలు, వణుకు, గుండెదడ, ఆకలి, తికమక మాటలు - ఇవి చక్కెర పడిపోయిన గుర్తులు. రోగి తెలివిగా ఉండి మింగగలిగితే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించండి. 15 నిమిషాల తరువాత మళ్లీ చూడండి. తెలివి తప్పితే నోట్లో ఏమీ పోయకుండా వెంటనే ఆసుపత్రికి తరలించండి.

చివరగా ఒక మాట. మోతాదు తప్పిందని తెలిస్తే, మాట పడవలసి వస్తుందని దాచకండి. రోగి బాగానే కనబడుతున్నా ఆ క్షణమే డాక్టరుగారికి చెప్పండి. మీరు వెంటనే చెబితే వైద్యానికి సమయం దొరుకుతుంది. దాచితే ఆ సమయం చేజారిపోతుంది.